మంత్రసానికి తల తిరిగితే

పుట్టిన బిడ్డను గడప దగ్గరికి తెచ్చి తండ్రికి చూపించడం మా పల్లెలో మంత్రసాని హక్కు. బొడ్డు కోసి, ఒళ్ళు తుడిచి, పాత పంచెలో చుట్టి, రెండు చేతుల మీద పెట్టుకొని లేచి నాలుగడుగులు వేస్తాం. ఆ రోజూ అలాగే లేచాను. లేచిన మరుక్షణం గడప పక్కకు జరిగింది. గడప ఎక్కడికీ పోదని నాకూ తెలుసు. కానీ కాళ్ళ కింద నేల మెత్తబడింది, చెవుల్లో ఈగలు ముసిరినట్టు హోరు, కళ్ళు బైర్లు కమ్మాయి. బిడ్డను గుండెకు అదుముకొని ఉన్నచోటనే చతికిలబడ్డాను.

బిడ్డ తండ్రి కంగారుపడి, "ఏందత్తా, ఏమాయె?" అన్నాడు.

"ఏం లేదురా, బొడ్డు ముడి ఒకసారి చూసుకుంటాండా" అన్నాను. ముడి బాగానే ఉంది. బాగా లేనిది నేను. కాసేపటికి చూపు తేరుకుంది, లేచి బిడ్డను చూపించి, వాళ్ళు పెట్టిన కొత్త చీర తీసుకొని ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చాను.

నా పేరు సువార్తమ్మ. యర్రగొండపాలేనికి దగ్గర్లో, అడవి అంచున చిన్న పల్లె మాది. చిన్నప్పుడు మిషన్ బోర్డింగులో మూడో తరగతి దాకా చదివాను. పెళ్ళయ్యాక మిషన్ ఆసుపత్రిలో ఆరు నెలలు ఉండి పురుళ్ళు పోయడం నేర్చుకున్నాను. మా అత్త దగ్గర నేర్చుకున్నది అంతకు రెండింతలు. మా ఆయన ఏసోబు మేకలు కాస్తాడు, కూలికి పోతాడు. బిడ్డల్లో మాకు దక్కింది రూతు ఒక్కతే. దాన్ని బేస్తవారిపేటకు ఇచ్చాం. నేను చెబుతుంటే ఇదంతా రాసిపెట్టింది అదే. నా మాటలోని మొరటుతనం తీసేశానంటోంది. ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే ఓర్చుకోండి.

అప్పటికి నాకు యాభై దాటాయి. రెండో ప్రపంచ యుద్ధం మొదలై, కిరసనాయిలు దొరక్క ఊరంతా సందెవేళకే కూడు తినేసే రోజులు. ఆ పురుడు తర్వాత తల తిరగడం వారానికోసారి, ఆ తర్వాత రోజూ రావడం మొదలైంది. చిన్నప్పుడు గిరగిరా తిరిగి ఆగితే వచ్చే తిరుగుడు కాదు ఇది. లేచినప్పుడు, వంగినప్పుడు, తలెత్తి ఉట్టి మీది కుండ అందుకున్నప్పుడు నేల నన్ను వదిలేసినట్టు ఉండేది. తల బరువు. మధ్యాహ్నమైతే అరికాళ్ళు మంట. ఇంకొక వింత ఏమిటంటే, వేన్నీళ్ళు పోసుకున్నానంటే ఒళ్ళంతా ఒకటే దురద, చీమలు పాకినట్టు. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు పోసుకుంటే దురదేమిటి, చెప్పుకుంటే నవ్వుతారు.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే అని సామెత. పట్టడానికి నా చేతులు బాగానే ఉన్నాయి, కాళ్ళే ఒప్పుకోవడం లేదు. అయినా ఎవరికీ చెప్పలేదు. గోడ పట్టుకొని నడిచాను, గుంజ పట్టుకొని లేచాను. పొగరు నాకు కొంచెం ఎక్కువే, దాచుకోవడం ఎందుకు?

ముందు కనిపెట్టింది మా ఆయన. ఉట్టి మీది మజ్జిగ కుండ నేల మీదికి దిగిందేమని అడిగాడు. పిల్లి లేదు గదా అందుకని పెట్టానన్నాను. మర్నాడు యర్రగొండపాలెంలో కాంపౌండరు దగ్గరికి తీసుకుపోయాడు. కాంపౌండరు నా ఎడమ డొక్కలో నొక్కి చూసి, బల్ల ఉంది, అంటే ప్లీహం వాచింది, ఇది అడవి జ్వరం తాలూకు అన్నాడు. మా వైపు పిల్లా పెద్దా అందరి కడుపులోనూ మలేరియా బల్లే, అందుకని నాకూ నమ్మకం కుదిరింది. క్వినైన్ ఇచ్చాడు. మింగాను. చెవుల్లో హోరు రెండింతలయింది, తల తిరగడం తగ్గలేదు.

అప్పుడు ఊరు తన వైద్యం మొదలుపెట్టింది. తల తిరిగితే రక్తం లేనట్టే అని మా దగ్గర పుట్టిన బిడ్డకు కూడా తెలుసు. బాలింతలకు ఆ మాట చెప్పి చెప్పి నేర్పింది నేనే. కార్జం తిను అన్నారు, బెల్లం తిను అన్నారు. మేకను కోసిన ఇంటివాళ్ళు కార్జం ముక్కలు ఆకులో చుట్టి నా గుమ్మంలో పెట్టి పోయేవాళ్ళు. నెత్తురు వేపుడు తింటే నెలలో మనిషివవుతావు అని ఒక ముసలామె అన్నది. అక్కడ చిక్కు వచ్చింది. మేం మిషన్‌లో కలిసిన వాళ్ళం. నెత్తురు తినకూడదని మా పెద్దలు మాట ఇచ్చి బాప్తిస్మం తీసుకున్నారు, అప్పటి నుంచీ మా ఇళ్ళల్లో ఎవరూ ముట్టలేదు. మా ఉపదేశిగారు, అంటే మా చిన్న గుడిలో వాక్యం చెప్పి పిల్లలకు చదువు చెప్పే పెద్దాయన, రెండు వారాలు ఆలోచించారు. చివరికి మా ఇంటికి వచ్చి మోకరించి ప్రార్థన చేసి, "ఇది నోటి రుచి కాదు సువార్తమ్మా, ప్రాణం. దేవునికి తెలుసు. తినమ్మా" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత మంచి మనిషి. నేను కళ్ళు మూసుకొని తిన్నాను. వారం వారం తిన్నాను.

తిన్నకొద్దీ నేను ఇంకా ఎర్రబడ్డాను. నల్లటి మనిషిని కాబట్టి ముఖంలో తెలిసేది కాదు గాని, కళ్ళు చింతనిప్పులయ్యాయి, పెదవులు కమిలినట్టు అయ్యాయి, అరచేతులు గోరింట పెట్టుకున్నట్టు ఉండేవి. రక్తం పడుతోందని అందరూ సంబరపడ్డారు. నేనూ పడ్డాను. తల మాత్రం తిరుగుతూనే ఉంది.

అలా ఉండగానే పుల్లలచెరువు వైపు ఒక పల్లెలో పురుడు పోయడానికి పోయాను. ఆడబిడ్డ. గడప దగ్గరికి లేచాను. ఈసారి కూర్చునే వ్యవధి కూడా దొరకలేదు. పక్కకు ఒరిగిపోయాను. బాలింత కోసం పరిచిన వరిగడ్డి మీద పడ్డాను, బిడ్డ నా రొమ్ము మీద పడింది. బిడ్డకు చిన్న గీత కూడా పడలేదు. కానీ ఆ బిడ్డ నాయనమ్మ వచ్చి నా చేతుల్లోంచి లాక్కున్న లాగుడు నాకు ఇప్పటికీ గుర్తే. నా కళ్ళలోకి చూసింది. ఎర్రటి కళ్ళు, తూలే ఒళ్ళు. ఆమె ఏమనుకున్నదో నాకు అప్పుడే అర్థమైంది.

వారం తిరక్కుండా పొలాల్లో, బావుల దగ్గర ఒకటే మాట: సువార్తమ్మ కల్లు మరిగింది. జన్మలో కల్లు చుక్క ఎరగని దాన్ని. నన్ను పిలవడం మానేశారు. దానికీ ఓర్చుకునేదాన్నే. కానీ ఆ మాట బేస్తవారిపేట దాకా పోయింది. రూతు అప్పుడు ఆరో నెల గర్భిణి. తొలి పురుడు పుట్టింట్లోనే కావాలి, అందులోనూ తల్లి మంత్రసాని. పుట్టే బిడ్డను నా చేతులతో పట్టాలని అది పెద్దమనిషి అయిన నాటి నుంచీ అనుకుంటున్నాను. మా వియ్యపురాలు కబురు పంపింది, తాగి తూలే మనిషి చేతిలో మా కోడలిని పెట్టం, పురుడు ఇక్కడే అని.

ఆ రోజు నేను ఏడ్చాను. పొయ్యి ముందు కూర్చొని, పొగ వంక పెట్టుకోకుండానే ఏడ్చాను. మా ఆయన పక్కన కూర్చొని, పెద్దాసుపత్రికి పోదాం పదమన్నాడు. నేను చదువుకున్న ఆసుపత్రి. రెండు రోజుల ప్రయాణం. మార్కాపురం దాకా, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు. ఎత్తు వచ్చినచోటల్లా అది ఆగిపోతే మగవాళ్ళు దిగి తోశారు. ఆ తర్వాత రైలు. రైలు కదిలినంతసేపూ నాకు హాయిగా ఉంది, ఎందుకంటే అందరూ నాలాగే ఊగుతున్నారు.

అక్కడ డాక్టరమ్మ దొరసాని కాదు, మనవాళ్ళే, నా కంటే పదేళ్ళు చిన్నది. నా చెయ్యి తిప్పి చూసింది, కనురెప్ప కిందికి లాగి చూసింది, డొక్కలో నొక్కింది. "స్ప్లీన్ పెరిగింది" అని నర్సుతో అన్నది, బల్లకే ఆ పేరు. తర్వాత నా వైపు తిరిగి, "వేన్నీళ్ళు పోసుకుంటే ఒళ్ళు దురద పెడుతుందా అమ్మా?" అని అడిగింది. మొగుడికి కూడా చెప్పని సంగతి ఈమెకు ఎవరు చెప్పారు?

వేలు గుచ్చి బ్లడ్ తీసుకున్నారు. హీమోగ్లోబిన్ చూశారు, మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెట్టారు. లెక్క తప్పేమోనని మర్నాడు మళ్ళీ తీశారు. మూడో రోజు మంచం మీద నా పక్కనే కూర్చొని చెప్పింది. "నీకు రక్తం తక్కువ కాదు సువార్తమ్మా. ఎక్కువ. ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ. చిక్కబడి తలకు సరిగ్గా పారడం లేదు. దీన్ని పాలిసైతీమియా అంటారు."

నేను నవ్వాను. నవ్వక ఏం చేయను? ఊరు ఊరంతా ఆకుల్లో చుట్టి తెచ్చిన కార్జం, ఉపదేశిగారి రెండు వారాల ఆలోచన, నేను కళ్ళు మూసుకొని మింగిన నెత్తురు, అంతా ఒక్కసారి గుర్తొచ్చింది. డాక్టరమ్మకు చెబితే ఆమె నవ్వలేదు. నా చెయ్యి పట్టుకొని, "ప్రేమతోనే పెట్టారు. కానీ ఇక వద్దు" అన్నది.

పోతుందా అని అడిగాను. "పోదు. నీతోనే ఉంటుంది. అదుపులో పెట్టుకోవచ్చు" అన్నది. అదుపంటే రక్తం తీసేయడమే. వెనిసెక్షన్ అంటారు. మోచేతి మడతలో సూది గుచ్చి, రబ్బరు గొట్టం గుండా సీసాలోకి దించుతారు. నల్లగా, పాకం తేలినట్టు వచ్చింది. మా ఆయన ఆ సీసా వైపే చూస్తూ, దీన్ని ఏం చేస్తారని నర్సును అడిగాడు. సున్నం వేసి గుంతలో పోస్తామన్నది. ఆయన బయటికి పోయి వేపచెట్టు కింద కూర్చున్నాడు.

ఆ సాయంత్రం మంచం దిగి నిలబడ్డాను. నేల నేలలాగే ఉంది. ఏడాది తర్వాత మొదటిసారి. వార్డు ఆ చివరి నుంచి ఈ చివరికి ఏమీ పట్టుకోకుండా నడిచాను. డాక్టరమ్మను ఒకటే అడిగాను, నా కూతురి బిడ్డను పట్టవచ్చా అని. "తల తిరగడం పూర్తిగా పోదు. ఎప్పుడైనా రావచ్చు. నిలబడి వద్దు. కూర్చొని పట్టుకో" అన్నది. పదిహేను రోజులకు మళ్ళీ రమ్మన్నది.

ఇంటికి వచ్చిన వారం దాకా నా కంటే సుఖపడ్డ మనిషి లేదు. తర్వాత మళ్ళీ మొదలైంది. గోడలు, గుంజలు, చెవుల్లో ఈగలు. పదిహేనో రోజు పోయేసరికి డాక్టరమ్మ హీమోగ్లోబిన్ చూసి కనుబొమలు ముడిచింది. ఏం తింటున్నావని అడిగింది. అంబలి, గోంగూర, అంతేనన్నాను. నిజంగా నాకు తెలిసింది అంతే. ఆమె మా ఆయన వైపు చూసింది. ఆయన తల వంచుకున్నాడు.

"సీసాడు నెత్తురు తీసిరి గదమ్మా" అన్నాడు. "మనిషి ఏమైపోతాదో అని నెత్తురు పట్టే ఇనుప మందు, లోహ భస్మం, తేనెలో కలిపి ఇచ్చినా. పొద్దున్నే ఇచ్చినా. తేనె అనుకొని తాగింది."

అడవిలో చెంచు వాళ్ళ దగ్గర తెచ్చిన తేనె అని రోజూ పొద్దున్నే అరచేతిలో పోసి నాకించిన మాట నిజమే. అదేమిటి ఇంత ముదురు రంగు అని అడిగితే పాత తేనె అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికి వచ్చినట్టు తిట్టాను, నర్సులు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా. ఆయన తప్పు చేసి దొరికిన పిల్లాడిలా రెండు చేతులూ పంచెకు రుద్దుకుంటూ నిలబడ్డాడు. అది చూశాక తిట్టడానికి మనసు రాలేదు.

డాక్టరమ్మ మెల్లగా అన్నది, "నేను తీస్తున్నాను ఏసోబూ, నువ్వు పోస్తున్నావు. ఇద్దరి మధ్యా ఈమె నలిగిపోతోంది." ఆయనకు ఆ మాట సూటిగా తగిలింది. ఆ తర్వాత నా తిండికి కాపలాదారు ఆయనే అయ్యాడు. ఎవరి ఇంట్లోనైనా బెల్లం ముక్క నోట్లో వేసుకున్నా, భస్మం కలిపారా అని అడిగేవాడు. ఉపదేశిగారు ఆదివారం గుడిలో లేచి, మనమంతా కలిసి సువార్తమ్మకు పొరపాటు వైద్యం చేశాం, నేను ఇచ్చిన అనుమతి కూడా పొరపాటే అని చెప్పారు. ఈమె కల్లు తాగలేదు, జబ్బు అని ఆసుపత్రి చీటీ చదివి వినిపించారు. అంతమంది ముందు నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఆ చీటీ పట్టుకొని ఉపదేశిగారే బేస్తవారిపేట పోయారు. మా వియ్యపురాలు చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, పంపిస్తా గాని నేనూ వస్తానన్నది. తొమ్మిదో నెల రాగానే రూతును బండిలో తీసుకొని తన పరుపు చుట్ట కూడా వేసుకొని దిగింది. నాతో మాటలు తక్కువ. పొద్దున్నే ఏదో వంకతో నా దగ్గరికి వచ్చి నిలబడేది. రెండు రోజులు చూశాను.

"వాసన చూడాలంటే చూడు వదినా, నోరు తెరుస్తా. మొగమాటమెందుకు?" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. మరునాటి నుంచి దగ్గరికి రావడం మానేసింది గాని, కళ్ళు మాత్రం నా మీదే.

ఒకరోజు మధ్యాహ్నం రూతుకు నొప్పులు మొదలయ్యాయి. నేను గోడకు వీపు ఆనించి, కాళ్ళు రెండు వైపులా తన్నిపెట్టి నేల మీద కూర్చున్నాను. కావలసినవన్నీ చేతికి అందేంత దూరంలో ముందే పెట్టుకున్నాను: ఉడికించిన దారం, కత్తెర, గుడ్డలు. వెనక రూతును పట్టుకొని వియ్యపురాలు. ఎన్ని పురుళ్ళు పోసినా కన్నబిడ్డ నొప్పి వేరు.

పొద్దు వాలే ముందు బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. ఏడ్చింది. బొడ్డు కట్టాను, కోశాను. గుడ్డలో చుట్టి రెండు చేతుల్లోకి తీసుకున్నాను. అప్పుడే చెవుల్లో హోరు. కూర్చునే ఉన్నా, నేల జారింది.

ఇంతకాలం నేను చేసింది ఒకటే, నోరు మూసుకోవడం. బొడ్డు ముడి చూస్తున్నా అనవచ్చు. పళ్ళ బిగువున పట్టుకొని ఉండిపోవచ్చు. వియ్యపురాలి కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయి. ఇప్పుడు చెబితే నన్ను గురించి ఆమె అనుకున్నదంతా నిజమైపోతుంది. కానీ చేతుల్లో ఉన్నది నా రూతు బిడ్డ.

"వదినా, నాకు తల తిరుగుతాంది. బిడ్డను పట్టుకో" అన్నాను.

ఆమె లాక్కోలేదు. రెండు చేతులూ నా చేతుల కింద పెట్టి మెల్లగా తీసుకున్నది. నేను కళ్ళు మూసుకొని గోడకు తల ఆనించాను. ఎంతసేపో తెలియదు. హోరు తగ్గి కళ్ళు తెరిచేసరికి ఆమె నా పక్కనే గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. భుజం నా భుజానికి తగులుతోంది.

"తగ్గిందా వదినా?" అన్నది. తగ్గిందన్నాను. "కాళ్ళు చాపు" అన్నది. చాపాను. బిడ్డను తెచ్చి నా కాళ్ళ మీద పడుకోబెట్టింది. "నువ్వే నీళ్ళు పొయ్యి. నేను అందిస్తా" అన్నది.

మా వైపు పసిబిడ్డకు నీళ్ళు పోసేది అలాగే, కాళ్ళు చాపి కూర్చొని, బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకొని. జీవితమంతా అలాగే పోశాను. తల తిరిగే మంత్రసానికి అంతకంటే భద్రమైన చోటు లేదని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఆమె చెంబుతో నీళ్ళు అందించింది, నేను పోశాను. నా కన్నీళ్ళు కూడా కొన్ని అందులో కలిశాయి. గడప దగ్గరికి బిడ్డను ఎత్తుకుపోయి చూపించింది ఆమే. నా హక్కు ఆమెకు ఇచ్చేశాను, బాధ అనిపించలేదు.

జబ్బు పోలేదు. రెండు మూడు నెలలకోసారి రైలెక్కుతాను, ఒక సీసా ఇచ్చి వస్తాను. ఒక వానాకాలం వాగులు పొంగి బస్సు ఆగిపోయి రెండుసార్లు పోలేకపోయాను. ఎడమకాలి బొటనవేలు నీలంగా మారి నిప్పులో పెట్టినట్టు మండింది. రక్తం గడ్డకట్టింది, ఇంకొంచెం ఆలస్యమైతే వేలు పోయేదన్నది డాక్టరమ్మ. వేలు దక్కింది, గోరు పోయింది. అప్పటి నుంచి వానలకు ముందే పోయి వస్తున్నాను. నీళ్ళు బాగా తాగుతాను, వేన్నీళ్ళ స్నానం మానేశాను, మంచం మీద నుంచి లేచేముందు కాసేపు కూర్చుంటాను. ఉట్టి కుండ ఇప్పటికీ నేల మీదే ఉంది. మా మనవరాలికి నాలుగేళ్ళు. నేను మాట మధ్యలో ఆగానంటే చాలు, "అవ్వా, కూచో" అని కొంగు పట్టి లాగుతుంది.

పురుళ్ళకు మళ్ళీ పిలుస్తున్నారు. తల తిరిగే వాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే, దాచుకోకండి. నేను ఏ ఇంటికి పోయినా చెప్పులు విడవగానే ముందు ఆ మాటే చెబుతాను. "నాకు తల తిరిగే జబ్బుంది. తిరిగితే చెప్తా. చెప్పినప్పుడు బిడ్డను ఎవరు పట్టుకుంటారు?" అని అడుగుతాను. ఆ మాటకు నన్ను వెనక్కి పంపేస్తారని మొదట్లో భయపడ్డాను. ఇప్పటిదాకా ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకామె చేతులు కడుక్కొని వచ్చి నా పక్కన కూర్చుంది.